మోకాళ్లకు జాగ

పాత విల్లీస్ జీపు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి తన కాళ్ల పొడవెంతో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. స్టీరింగు చక్రం దాదాపు తొడల మీదికి వస్తుంది. క్లచ్ తొక్కి కాలు వెనక్కి తీస్తే మోకాలు చక్రం అంచుకు తగులుతుంది. సీటు వీపు నడుము దాటి పైకి రాదు. కూర్చునే చోటు పొట్టిది కాబట్టి తొడలో సగం గాల్లోనే ఉంటుంది. బండి కదిలాక దారిలో పడున్న గులకరాయి కూడా నేరుగా వెన్నుపూసకు కబురు చెబుతుంది.

ఇంత ఇరుకు బండి, ఇంత మొరటు బండి, కరీంనగర్ జిల్లా పల్లెల్లో దశాబ్దాలపాటు గొప్ప బండిగా చెలామణి అయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లకు సర్కారు జీపెక్కి వచ్చింది. పోలీసులూ జీపెక్కే వచ్చారు. ఓట్లడిగేవాళ్లు, పసుపు బస్తాలు, పురిటి నొప్పులు పడుతున్న ఆడబిడ్డలు, వేములవాడ రాజన్న మొక్కుకు బయల్దేరిన కుటుంబాలు, అందరూ అన్నీ అందులోనే కదిలారు. కాబట్టి ఆ బండిని కాస్త మెత్తగా, కాస్త విశాలంగా మార్చుకోవడానికి ఈ ప్రాంతం పడ్డ తిప్పలకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. కమాన్ మిస్త్రీలు, వెల్డింగు షెడ్లవాళ్లు, రెగ్జిన్ కుట్టే కుషన్ షాపులవాళ్లు అందులో ముఖ్యులు. ఆ చరిత్ర పొడవునా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: బండిలో ఎవరి మోకాళ్లకు జాగ దొరికింది?

జీపు రాకముందు ఈ దారులు ఎడ్లబండివి. మామూలు బండికి ఇరుసుకూ పైనున్న చట్రానికీ మధ్య కుదుపును మింగే వస్తువు ఏదీ లేదు. చెక్క చక్రం, దాని చుట్టూ ఇనుప పట్టా, గట్టి ఇరుసు. గుంతలో చక్రం ఎంత లోతుకు దిగితే కూర్చున్న మనిషీ అంత లోతుకు దిగాల్సిందే. ఉన్నవాళ్లు సవారి కచ్చురం కట్టించుకునేవారు. పైన గూడు, లోపల దట్టంగా పరిచిన వరిగడ్డి, గడ్డి మీద గొంగడి. అప్పటికి తెలిసిన కుషన్ అదే. నిజానికి ఎడ్లబండిలో ఒంటిని కాపాడింది దాని నిదానం. మనిషి నడకంత వేగంతో గుంతలోకి దిగితే నడుం విరగదు.

దొరలకు మరో ఏర్పాటు ఉండేది. మేనా. నలుగురు బోయీలు మోసే ఆ పల్లకిలో కూర్చున్న మనిషికి కుదుపు తెలిసేది కాదు, ఆ కుదుపంతా బోయీల భుజాల్లోకి ఇంకిపోయేది. వెట్టి సాగిన రోజుల్లో ఆ మోతకు కూలి కూడా లేదు. ఒకరి ఒంటి సుఖం ఇంకొకరి ఒంటి మీద పడే బరువుగా ఉన్న ఆ రోజుల్ని తలుచుకోకుండా ఈ ప్రాంతంలో బండ్ల చరిత్ర చెప్పడం సగం చెప్పడమే.

1932లో నిజాం రైల్వే శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. హైదరాబాద్ రాజ్యంలో పెద్ద ఊళ్ల మధ్య ప్రయాణం దానితో మారడం మొదలైంది. కానీ బస్సుకు రోడ్డు కావాలి. జగిత్యాల నుంచి ధర్మపురి గోదావరి ఒడ్డు దాకా, కోరుట్ల నుంచి పసుపు చేల మధ్య ఊళ్ల దాకా, సిరిసిల్ల నుంచి మానేరు వాగు అవతలి పల్లెల దాకా ఉన్నవి బండిబాటలు. వానాకాలంలో నల్లరేగడి చక్రాలకు ముద్దలు ముద్దలుగా అంటుకునేది. వాగు వస్తే రాకపోకలు బంద్. అలాంటి బాటలకు తగ్గ యంత్రం ఇక్కడ పుట్టలేదు, యుద్ధం కోసం అమెరికాలో పుట్టింది.

1940 జూలైలో అమెరికా సైన్యం ఒక చిన్న, తేలికపాటి, నాలుగు చక్రాలకూ బలం అందే బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. గడువు ఎంత తక్కువంటే మొదట గట్టిగా ముందుకొచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు గీసిన నమూనాతో ఆ కంపెనీ అదే ఏడాది సెప్టెంబరు 23న తొలి బండిని సైన్యానికి అప్పగించింది. తర్వాత విల్లీస్ తన 60 గుర్రాల బలమున్న ఇంజనుతో రంగంలోకి దిగింది, ఫోర్డు కూడా చేరింది. యుద్ధం ముగిసేలోపు ఆ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఆ తయారీలో సుఖం గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. అంత పొట్టి బండిలో ఇంజను, గేరుపెట్టె, దాని వెనక నాలుగు చక్రాలకు బలం పంచే ఇంకో పెట్టె పోగా మనుషులకు మిగిలేది ఎంత? పెట్రోలు ట్యాంకుకు వేరే చోటు లేక ముందు సీటు కిందే పెట్టారు. సీటు ఎత్తు అక్కడే ఖాయమైపోయింది. సీటును వెనక్కి జరపాలంటే వెనక చక్రాల మీది డబ్బాలు అడ్డం. స్టీరింగు చక్రం పెద్దది, ఎందుకంటే బురదలో చక్రాలు తిప్పడానికి చేతి బలం తప్ప మరో సాయం లేదు. చక్రం చిన్నదైతే మోకాళ్లకు చోటు దొరుకుతుంది కానీ భుజాలు పడిపోతాయి. సైనికుడు ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు పోతాడు, దిగుతాడు, మళ్లీ ఎక్కుతాడు. రోజుకు వంద కిలోమీటర్లు, ముప్పయ్యేళ్ల సర్వీసు, ఆ లెక్క ఆ బండి గీసినవాళ్ల కాగితం మీద లేదు.

ఆ లెక్క మన దగ్గర వచ్చి పడింది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన సంస్థ, భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి అయ్యాక, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే అది విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. 1953లో విల్లీస్ తెచ్చిన సీజే3బీ నమూనాను అమెరికాలో 1968లో ఆపేశారు. మన దేశంలో మాత్రం అది ఆ తర్వాత కూడా చాలాకాలం బతికింది. బానెట్టు ఎత్తుగా, ముఖం నిటారుగా ఉండే ఆ బండే చాలామంది తెలుగువాళ్ల మనసులో జీపు అన్న మాటకు బొమ్మ.

పల్లెలకు దాన్ని తెచ్చింది అభివృద్ధి పథకం. 1952 అక్టోబరు 2న దేశంలో సామాజిక వికాస పథకం మొదలైంది, 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. 'సమితి జీపు' అన్న మాట అలా పుట్టింది. బ్లాకు అభివృద్ధి అధికారి (బీడీవో) వచ్చాడంటే సమితి జీపు వచ్చినట్టు. పిల్లలు దాని వెనక దుమ్ములో పరిగెత్తేవాళ్లు. ఆగిన తర్వాత వేడి బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లు.

ఆ జీపులో కూర్చునే వరుసే ఒక పాలనా వ్యవస్థ. ముందు ఎడమ సీటు బీడీవోదో, సమితి ప్రెసిడెంటుదో. డ్రైవరు తన మోకాళ్లతో తాను వేగుతుంటాడు. వెనక పక్కల మీద ఎదురెదురు బల్లలు. గుమస్తా, అటెండరు, గ్రామసేవకుడు, దారిలో ఎక్కిన సర్పంచి అక్కడ. ముందు కూర్చున్న మనిషి రెండు ఇరుసుల నడుమ ఉంటాడు కాబట్టి అతనికి కుదుపు తక్కువ. వెనక బల్ల సరిగ్గా వెనక ఇరుసు మీద ఉంటుంది. గుంతలో చక్రం ఎగిరిందంటే దాని మీదున్న మనిషి కూడా ఎగురుతాడు, తల పైన టాపు కమ్మీకి కొట్టుకుంటుంది. పైగా పక్కకు తిరిగి కూర్చోవడం. బండి ముందుకు పోతుంటే ఒళ్లు అడ్డంగా ఊగుతుంది, వాంతులు పట్టుకుంటాయి. ఎదురుగా కూర్చున్నవాడి మోకాళ్లు తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని పోవాల్సిందే. ఒకే బండి, ఒకే గుంత, రెండు రకాల ప్రయాణం.

1963 జూలై 26న పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసిన తర్వాత జీపులకు ఇంకో పని దొరికింది. శ్రీరాంసాగర్ నుంచి బయల్దేరే కాకతీయ కాలువ 284 కిలోమీటర్ల పొడవు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పొలాల మీదుగా దాన్ని తవ్వుతున్నన్ని ఏళ్లూ కాలువ కట్ట మీద ఇంజనీర్ల జీపులు తిరిగాయి. కొత్తగా పోసిన మట్టికట్ట కంటే నడుముకు పెద్ద శత్రువు లేదు. పైకి చదునుగా కనిపిస్తుంది కానీ ట్రాక్టర్ల పళ్ల అచ్చులు ఎండి గట్టిపడితే దాని మీద జీపు అలలు అలలుగా ఎగురుతుంది. అలాంటి బండి కొన్నేళ్లు తిరిగితే దాని కమాన్లు సాగిపోవడం ఖాయం. అప్పుడు మిస్త్రీ దగ్గరికి రావాల్సిందే.

కమాన్ పని గురించి నిదానంగా చెప్పుకోవాలి. ఈ కథలో అసలు విద్య అక్కడుంది.

కమాన్ అంటే ఉర్దూలో విల్లు. ఉక్కు పట్టీలను విల్లులా వంచి, పెద్దదాని కింద చిన్నది, దాని కింద ఇంకా చిన్నది పేర్చి, నడుమ ఒక బోల్టు దింపి కట్టగా బిగిస్తారు. ఆ కట్టను యూ బోల్టులతో ఇరుసుకు కడతారు. ఒక కొస ఛాసీకి గట్టిగా, రెండో కొస షెకిల్ మీద ఊగేలా ఉంటుంది. గుంత వచ్చినప్పుడు విల్లు సాగి చదునవుతుంది, దాటాక మళ్లీ వంగుతుంది. జీపు కమాన్లు పొట్టివి, మూడు మూడున్నర అడుగులకు అటూ ఇటూ. ఆ పొట్టితనమే చిక్కు. అదే మందం పట్టీని సగానికి పొట్టి చేస్తే అది ఎనిమిదింతలు బిరుసవుతుంది. మందం రెండింతలు చేసినా ఎనిమిదింతలే. సైన్స్ పుస్తకం ముట్టని మిస్త్రీకి కూడా ఈ సంగతి చేతులకు తెలుసు: మందపాటి పట్టీ ఒకటి ఎక్కిస్తే బరువు ఆగుతుంది, నడుం పోతుంది. సన్నవి రెండు ఎక్కిస్తే బరువూ ఆగుతుంది, కొంత మెత్తదనమూ మిగులుతుంది.

పట్టీల మధ్య రాపిడి ఇంకో దొంగ. వానకు తడిసి, మట్టి పట్టి, తుప్పెక్కిన పట్టీలు ఒకదానికొకటి అతుక్కుంటే కట్ట మొత్తం ఒకే దిమ్మెలా బిగుసుకుంటుంది. చిన్న గుంతలకు అసలు కదలదు. పెద్ద గుంతకు ఒక్కసారిగా కదిలి ఒంటిని కుదిపేస్తుంది. దీనికి మందు ఖర్చులేనిది. కట్ట విప్పి, ఒక్కో పట్టీని గీకి, మధ్యలో గ్రీజు రాసి మళ్లీ కట్టడం. షెకిల్ బుష్షులు అరిగితే మార్చడం. చాలా జీపులకు సగం జబ్బు ఈ ఒక్క పనితో పోయేది. ఈ మాట ఇప్పటికీ నిజమే: పాత జీపు కొన్నవాళ్లు వేలు పోసి కొత్త షాకబ్జార్బర్లు వేయించే ముందు కమాన్ కట్ట విప్పి చూడాలి. షాకబ్జార్బరు ఎగిరిన బండిని ఆపుతుంది తప్ప, బిగుసుకున్న పట్టీని మెత్తన చేయలేదు.

వంపు తీయడం మరో విద్య. ఏళ్ల తరబడి బరువు మోసి చదునైపోయిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాలిస్తే సులువుగా వంగుతుంది, కానీ ఉక్కు పదును చచ్చిపోతుంది, నెల తిరక్కముందే మళ్లీ చదునవుతుంది. తెలిసిన మిస్త్రీ చల్లటి పట్టీనే దిమ్మె మీద పెట్టి సమ్మెటతో వరుసగా, అంగుళం అంగుళం జరుపుతూ కొడతాడు. దెబ్బ మీద దెబ్బ ఒకే చోట పడితే అక్కడే విరుగుతుంది. మధ్యమధ్య పట్టీని కొత్తదాని పక్కన పెట్టి చూస్తాడు. కుడి ఎడమల వంపు ఒకేలా రాకపోతే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. లారీలకు ఈ పని నిత్యం ఉంటుంది కాబట్టి, నిజామాబాద్ నుంచి జగ్‌దల్‌పూర్ పోయే జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా సాగడం జీపులకూ కలిసొచ్చింది. లారీ బతికే చోట కమాన్ మిస్త్రీ బతుకుతాడు, కమాన్ మిస్త్రీ ఉన్న చోట జీపుకు ఆయుష్షు ఉంటుంది.

జీపు చరిత్రలో భయం కూడా ఉంది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీలు వేల మంది కదిలివచ్చిన జైత్రయాత్ర జరిగింది. వెట్టికీ దొరల పెత్తనానికీ ఎదురు తిరిగిన జనం అది. మేనాలు మోసిన కుటుంబాల పిల్లలు అందులో నడిచారు. ఆ ఏడాది అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత ఊరి పొలిమేరలో జీపు చప్పుడు వినబడితే పిల్లలు ఎదురు పరిగెత్తడం మానేశారు. రాత్రిపూట వచ్చే జీపు అంటే సోదాలు, పట్టుకుపోవడాలు. ఇంకొన్నేళ్లకు నక్సలైట్ల మందుపాతరలు వచ్చాక పోలీసులకూ జీపంటే గుండె జారింది. వెనక బల్ల మీద తుపాకీ మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్న కానిస్టేబులుకూ, అదే బల్ల మీద చేతులు కట్టించుకుని కూర్చున్న కుర్రవాడికీ కాళ్లు చాపుకునే జాగ లేదు. ఇరువైపులా అయినవాళ్లను కోల్పోయిన కుటుంబాలు ఈ మూడు ఊళ్లలోనూ ఇప్పటికీ ఉన్నాయి.

ఇంతలో బండి కూడా మారుతోంది. పెట్రోలు ఖరీదవడంతో మహీంద్రా జీపులకు డీజిల్ ఇంజన్లు వచ్చాయి. మొదట వచ్చినవి ట్రాక్టరు వంశానివి. నమ్మకమైనవి, తక్కువ తాగేవి, కానీ వణుకు ఎక్కువ. గేర్ రాడ్డు పట్టుకుంటే చెయ్యి మొద్దుబారేది. 1980ల నడుమ ఎమ్మెమ్540 వచ్చింది. ఫ్రాన్సు ప్యూజో కంపెనీ లైసెన్సుతో తయారైన డీజిల్ ఇంజను, ఇరుసుల మధ్య 91 అంగుళాలు. అసలు విల్లీస్ కంటే 11 అంగుళాలు ఎక్కువ. పదకొండు అంగుళాలంటే జానెడున్నర కన్నా తక్కువే. కానీ జీపులో అది రాజ్యమంత. పొట్టి బండి గుంత దాటేటప్పుడు ముందు లేచి వెనక పడి ఊయలలా ఊగుతుంది. ఇరుసుల మధ్య దూరం పెరిగిన కొద్దీ ఆ ఊపు తగ్గుతుంది.

1990లలో కమాండర్ వచ్చింది, ఇంకా పొడవైన బండి. బజాజ్ టెంపో ట్రాక్స్ దానికి జోడీ. అప్పటికి సమితులు పోయి మండలాలు వచ్చాయి, పల్లెకు పట్నంతో పని పెరిగింది, బస్సు మాత్రం రోజుకు రెండు మూడుసార్లే. ఆ ఖాళీలోకి కమాండర్ దూరింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అడ్డాల్లో పొద్దున్నే వరుస కట్టి, నిండగానే కదిలే బండి. జీపు తొలిసారి అందరిదీ అయింది. బీడీ కట్టలు అప్పజెప్పడానికి పోయే ఆడవాళ్లు, మరమగ్గాల షిఫ్టుకు పోయే కార్మికులు, గల్ఫుకు పోతూ సూట్‌కేసు టాపు మీద కట్టించే యువకులు, కొండగట్టుకో వేములవాడకో ధర్మపురికో మొక్కుకు పోయే ఇంటిల్లిపాదీ.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం మాక్సీక్యాబులో డ్రైవరు కాక పన్నెండు మందికి మించకూడదు. అడ్డాలో ఆ లెక్క నడవలేదు. బండి పొడవు పెరిగిన ప్రతిసారీ పెరిగిన అంగుళాలు మోకాళ్లకు రాలేదు, ఇంకో మనిషికి పోయాయి. "జర జరుగు బాపూ, అక్క కూసుంటది," అని కిలీనరు అంటే బాపు జరిగేవాడు. జరగడానికి ఏమీ లేకపోయినా జరిగేవాడు. డ్రైవరుకు కుడివైపు కూడా ఒక మనిషి. వెనక మెట్టు మీద వేలాడుతూ నలుగురైదుగురు కుర్రాళ్లు. బరువంతా వెనక ఇరుసుకు అవతల పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినడం తగ్గుతుందని డ్రైవర్లకు తెలుసు. అయినా కిస్తీలు కట్టాలి, డీజిల్ పోయించాలి.

ఈ రద్దీ కమాన్ మిస్త్రీకి కొత్త సమస్య తెచ్చింది. పోయేటప్పుడు ఇరవై మంది, వచ్చేటప్పుడు ముగ్గురు. ఇరవై మందికి తగ్గట్టు పట్టీలు ఎక్కిస్తే ముగ్గురికి నరకం. నిండితే పల్లకి, ఖాళీ అయితే ఎడ్లబండి. దీనికి లారీల దగ్గర నేర్చిన ఉపాయం ఒకటుంది: అడుగున చదునైన మందపు పట్టీ ఒకటి వేరుగా ఉంచడం. బరువు తక్కువున్నప్పుడు పై పట్టీలే పని చేస్తాయి. బరువు పడి కట్ట దిగినప్పుడు మాత్రమే అడుగు పట్టీ అందుకుంటుంది. పెద్ద ఫ్యాక్టరీల ఇంజనీర్లు లెక్కలు వేసి చేసే పని ఇది. ఇక్కడ కంటి అంచనాతో, బండి కింద దూరి, కూర్చున్న మనుషుల్ని లెక్కపెట్టి చేశారు. ఆ నేర్పుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

కాళ్ల జాగ కోసం జరిగిన పని ఎక్కువగా ముందు సీట్లకే. సీటు బిగించిన బోల్టులు విప్పి, నేల మీద ఎల్ యాంగిల్ ముక్కలు వెల్డింగు చేసి, సీటును రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపడం మొదటి మెట్టు. సీటు ముందు అంచును కొద్దిగా ఎత్తితే తొడకు ఆనుడు దొరుకుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. అయితే మరీ ఎత్తితే మోకాలు పోయి స్టీరింగుకు తగులుతుంది, అంగుళం తేడాలో ఉంది మర్మమంతా. సీటు కింద ట్యాంకు ఉన్న పాత బండ్లలో ట్యాంకును వెనక్కి మార్చి ఆ ఎత్తు తగ్గించుకున్నవాళ్లున్నారు. పాత కార్ల సీట్లు తుక్కు దుకాణంలో కొని, జరిపే పట్టాలతో సహా బిగించడం తర్వాత వచ్చింది. గట్టి స్పంజి అడుగున, మెత్తది పైన వేసి రెగ్జిన్ కుట్టడం కుషన్ షాపు రహస్యం. మెత్తటి స్పంజి ఒక్కటే వేస్తే కూర్చోగానే హాయి, గంటకల్లా అడుగు రేకు తగులుతుంది. పాదం పక్కన గేరుపెట్టె వేడి మరో బాధ. 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండల్లో నేల రేకు కాళ్లను కాల్చేది. తడిపిన గోనెపట్టా, ఆ తర్వాత రబ్బరు మ్యాటు దానికి విరుగుడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొందరు ఛాసీనే కోసి పొడవు పెంచారు, ఇరుసులు మార్చారు. అతుకు సరిగా పడని ఛాసీ నిండు బండిలో విరిగితే జరిగేది ఊహించడానికే భయం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని చట్టంలోని 52వ సెక్షను మీద తీర్పు చెప్పింది. సీటు కుషను మార్చుకోవడం వేరు, బండి ఎముకల్ని కోయడం వేరు. ఆ గీత దాటకుండా పాత జీపును సుఖంగా చేసుకోవడానికి ఎంతో చోటుంది: గ్రీజు, బుష్షులు, సరైన పట్టీలు, టైర్లలో బరువుకు తగ్గ గాలి.

2000 తర్వాత కమాండర్ల అడ్డాలు పలచబడ్డాయి. ఆటోలు, ఇంటింటికీ మోటారు సైకిళ్లు, మెరుగైన రోడ్లు వాటి చోటు ఆక్రమించాయి. పెద్దపల్లి నుంచి జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాద్ పోయే రైలుదారి 2017 నాటికి పూర్తయింది. అప్పటికి సిరిసిల్లకు మాత్రం రైలు రాలేదు. 2020 అక్టోబరు 2న వచ్చిన మహీంద్రా కొత్త థార్‌లో కమాన్లు పూర్తిగా పోయాయి, ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులు. ఇరుసుల మధ్య 2450 మిల్లీమీటర్లు. 2024 ఆగస్టులో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్‌లో అది 2850. విల్లీస్ పుట్టినప్పటి కంటే రెండున్నర అడుగులకు పైగా ఎక్కువ. అందులో వెనక కూర్చున్నవాళ్లు కూడా ముందుకు చూస్తూ, మోకాళ్లు కదుపుకుంటూ పోతారు. ఎనభై ఏళ్లకు పైగా పట్టింది వెనక సీటు మనిషికి ఆ జాగ రావడానికి.

పాత బండ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగదు, తుక్కుకు వెళ్లాల్సిందే. అంతకుముందే వేలంలో అమ్ముడుపోయి ప్రైవేటు చేతుల్లో పడినవి కొన్ని మిగిలాయి. గల్ఫులో పెద్ద బండ్లు నడిపి తిరిగొచ్చినవాళ్లు, చిన్నప్పుడు సమితి జీపు వెనక పరిగెత్తినవాళ్లు వాటిని వెతికి కొంటున్నారు. ఇసుకలో మెత్తగా తేలిపోయే బండి నడిపి వచ్చిన మనిషికి ఈ బండి మొదటి రోజే నడుం పట్టేస్తుంది. అయినా అమ్మడు. మిస్త్రీ దగ్గరికి తెస్తాడు.

అలాంటి బండి షెడ్డుకు వస్తే మొదట రబ్బరు మ్యాటు లాగేసి, కింద పేరుకున్న మట్టి గీకుతారు. డ్రైవరు సీటు కింది రేకు మీద రంధ్రాలు బయటపడతాయి. ఒక వరుస ఫ్యాక్టరీ వేసింది. దాని వెనక అంగుళం దూరంలో ఇంకో వరుస, అంచులు తుప్పు పట్టి. ఇంకో రెండంగుళాల వెనక మూడోది. కొన్ని బండ్లలో నాలుగోది కూడా ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో డ్రైవరు కాళ్ల పొడవు. మిస్త్రీ టేపు తీసి, కొత్త యజమానిని ఆ రేకు మీదే కూర్చోమంటాడు, క్లచ్ పూర్తిగా తొక్కమంటాడు, నడుము వెనక సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీత పాత వరుసల్లో దేనికైనా సరిపోతే డ్రిల్లు తీయడు, ఆ రంధ్రాల్లోనే కొత్త బోల్టులు దింపుతాడు.